పాలసీ అంటే బీమా ఒక్కటే కాదు: ఖరగ్‌పూర్ ట్రాఫిక్ నుంచి విధాన రంగానికి దారులు

ఖరగ్‌పూర్: పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణంలో ట్రాఫిక్ అంటే వాహనాల రద్దీ కాదు, ఒక నివాస ప్రాంతం. రైల్వే పరిభాషలో రైళ్ల రాకపోకలను నడిపించే విభాగానికి ట్రాఫిక్ అని పేరు. ఆ మాటే ఇక్కడి క్వార్టర్ల పేటకు స్థిరపడిపోయింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. వారి మనుమలు, మునిమనుమలు ఇప్పుడు డిగ్రీ తరగతుల్లో ఉన్నారు. ఈ ఇళ్లలో పాలసీ అన్న మాట వినిపిస్తే మొదట గుర్తుకు వచ్చేది జీవిత బీమా. ప్రభుత్వ విధానాలను అధ్యయనం చేయడం, రూపొందించడం, వాటి ఫలితాలను లెక్కగట్టడం కూడా ఒక వృత్తి అన్న సంగతి రైల్వే పరీక్షల కోచింగ్ ప్రకటనల మధ్య ఎక్కడా కనిపించదు.

నిజానికి రైల్వే కుటుంబాల జాతకాన్ని మార్చినవి విధాన నిర్ణయాలే. వాటిలో ఒకదానిని ఈ పేటలో ఎవరికీ కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. రైళ్ల భద్రతతో ముడిపడిన ఉద్యోగాల్లో ఉన్నవారు నిర్ణీత వయసు, సర్వీసు నిండాక ముందుగా పదవీ విరమణ చేస్తే, అర్హత ఉన్న వారి సంతానానికి ఉద్యోగం ఇచ్చే పథకాన్ని రైల్వే 2004లో డ్రైవర్లకు, గ్యాంగ్‌మెన్‌కు ప్రవేశపెట్టింది. 2010లో దానిని మరికొన్ని భద్రతా విభాగాలకు విస్తరించింది. సిబ్బంది నోట అది లార్స్‌జెస్‌గా స్థిరపడింది. పుట్టుక ఆధారంగా ప్రభుత్వ ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగంలోని 14, 16 అధికరణాల ముందు నిలుస్తుందా అని పంజాబ్, హర్యానా హైకోర్టు 2016లో ప్రశ్నించింది. 2018లో రైల్వే బోర్డు పథకాన్ని రద్దు చేసింది. అది దొడ్డిదారి ప్రవేశానికి వీలు కల్పించిందని 2021లో సుప్రీంకోర్టు కూడా వ్యాఖ్యానించింది.

తండ్రి ఉద్యోగం కొడుక్కి వస్తుందన్న భరోసాతో చదువును తేలికగా తీసుకున్న తరానికి ఆ రద్దు పెద్ద దెబ్బ. రైల్వేలో ఎవరూ లేని ఇంటి పిల్లవాడికి అదే న్యాయం. యాభై దాటిన ట్రాక్‌మన్ స్థానంలో యువకుడు వస్తే పట్టాలకు మేలు జరుగుతుందా? జరిగితే ఎంత? ఆ మేలును వారసత్వ నియామకం లేకుండా సాధించే మార్గం లేదా? ఆశపడి ముందే విరమణకు దరఖాస్తు పెట్టుకున్నవారి సంగతి ఏమిటి? ఈ ప్రశ్నలకు ఉద్వేగంతో గాక లెక్కలతో, చట్టంతో, క్షేత్రస్థాయి సమాచారంతో సమాధానం వెతకడమే విధాన విశ్లేషణ. అది నేర్చుకునేందుకు అవసరమైన తొలి ముడిసరుకు, అంటే సమస్యతో ప్రత్యక్ష పరిచయం, ట్రాఫిక్ పిల్లలకు పుట్టుకతోనే ఉంది.

ఇల్లు రైల్వేది, ఓటు మునిసిపాలిటీది

రైల్వే కాలనీలో జీవించడమంటే రెండు ప్రభుత్వాల నీడలో జీవించడం. భూమి కేంద్రానిది. క్వార్టరు, నీటి సరఫరా, వీధి దీపం వంటివి రైల్వే యంత్రాంగం చేతిలో ఉంటాయి. ఓటు వేయడానికి మాత్రం మునిసిపాలిటీ, శాసనసభ, లోక్‌సభ ఉన్నాయి. కేంద్రం ఆస్తులపై రాష్ట్రాలు గాని, స్థానిక సంస్థలు గాని పన్ను విధించకుండా రాజ్యాంగంలోని 285వ అధికరణం అడ్డుకుంటుంది. మరి పన్ను రాని చోట కాలువ ఎవరు తీయాలి? కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు స్థానిక సంస్థలు అందించే సేవలకు ప్రతిగా సేవా రుసుము చెల్లించే పద్ధతి ఉంది. 2009లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన రాజ్‌కోట్ వివాదం తరువాత ఆ రుసుము ఎంత ఉండాలన్న దానిపై స్పష్టత వచ్చింది. అయినా క్షేత్రంలో దరఖాస్తుదారు ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి తిరగడం దేశంలోని ఏ రైల్వే పట్టణానికీ కొత్త కాదు.

ఇటువంటి సరిహద్దు సమస్య మీద రెండు పేజీల నోటు రాయగలిగిన విద్యార్థి, ఢిల్లీలోని ఏ పరిశోధనా సంస్థ ఇంటర్వ్యూలోనైనా తనకు తెలిసిన విషయం మీద ధైర్యంగా మాట్లాడగలడు. పుస్తకాల్లోని సమాఖ్య వ్యవస్థ గురించి అందరూ చెబుతారు. తన వీధి కుళాయిలో కనిపించే సమాఖ్య వ్యవస్థ గురించి చెప్పగలిగేవారు తక్కువ.

ఈ దారిలో ముందు నడిచినవారు లేరని కూడా అనలేం. బరంపురంలో 1894లో జన్మించిన వరాహగిరి వెంకటగిరి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మిక సంఘానికి నాయకత్వం వహించారు. ఆ రైల్వేకు ఖరగ్‌పూర్ వర్క్‌షాపు గుండెకాయ. 1920ల చివరలో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా జరిగిన పోరాటాల్లో ఆయన ముందున్నారు. 1937లో మద్రాసు ప్రభుత్వంలో, 1952లో కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. యజమాని, కార్మికుడు కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలే తప్ప ప్రతి వివాదాన్నీ నిర్బంధంగా ట్రిబ్యునల్‌కు నెట్టకూడదన్న ఆయన వాదం ‘గిరి విధానం’గా పేరు పొందింది. బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చినందుకు 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన పేరిట నోయిడాలో నడుస్తున్న వి.వి.గిరి జాతీయ కార్మిక సంస్థ కార్మిక విధానాలపై పరిశోధన, శిక్షణ చేస్తుంది. విద్యార్థులను ఇంటర్న్‌లుగా కూడా తీసుకుంటుంది. కాంట్రాక్టు కార్మికుల గురించి తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్న ఖరగ్‌పూర్ విద్యార్థికి ఇంతకన్నా సహజమైన మొదటి మజిలీ దొరకడం కష్టం.

నీతి ఆయోగ్ తలుపు నెలకు పది రోజులు

ఎక్కువమంది విన్న పేరు నీతి ఆయోగ్. ప్రణాళికా సంఘం స్థానంలో 2015 జనవరి 1న ఏర్పడిన ఈ సంస్థ ఏడాది పొడవునా ఇంటర్న్‌లను తీసుకుంటుంది. ప్రతి నెల 1 నుంచి 10వ తేదీ వరకు ఆన్‌లైన్‌లో దరఖాస్తులు స్వీకరించడం ఆనవాయితీ. వ్యవధి కనీసం ఆరు వారాలు, గరిష్ఠంగా ఆరు నెలలు. డిగ్రీ విద్యార్థులైతే రెండో సంవత్సరం, అంటే నాలుగో సెమిస్టర్ పరీక్షలు రాసి ఉండాలి. పన్నెండో తరగతిలో 85 శాతానికి తగ్గని మార్కులు ఉండాలి. పోస్టుగ్రాడ్యుయేట్ విద్యార్థులు మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, డిగ్రీలో 70 శాతం సాధించి ఉండాలి. భృతి ఉండదు. ల్యాప్‌టాప్ ఎవరిది వారే తెచ్చుకోవాలి.

ఈ మూడు షరతులను కలిపి చదివితే తలుపు ఎవరికి తెరుచుకుంటుందో అర్థమవుతుంది. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష, పరీక్షలో మూడో భాషతో చదివిన పిల్లలకు పన్నెండో తరగతిలో 85 శాతం అంత సులభం కాదు. రైల్వే ఉద్యోగి పిల్లలు ప్రివిలేజ్ పాస్ మీద ఢిల్లీ చేరవచ్చు. ఆరు వారాల గది అద్దె మాత్రం పాస్ మీద రాదు. వేతనం లేని ఇంటర్న్‌షిప్‌ను అందరికీ సమానమైన అవకాశంగా వర్ణించడం ఈ రంగంలో అలవాటైపోయిన చిన్న అబద్ధం. అయితే ఒక వెసులుబాటు ఉంది. డిగ్రీలో మార్కులు బాగుంటే పోస్టుగ్రాడ్యుయేషన్‌లో చేరాక మళ్లీ ప్రయత్నించవచ్చు. అప్పుడు చూసేది పన్నెండో తరగతి మార్కులను కాదు.

భృతి ఇచ్చేవి కూడా లేకపోలేదు. విదేశాంగ మంత్రిత్వ శాఖ ఏడాదికి రెండు విడతలుగా, ఒకటి నుంచి మూడు నెలల ఇంటర్న్‌షిప్ ఇస్తోంది. పట్టభద్రులై, 25 ఏళ్లు దాటనివారు అర్హులు. నెలకు రూ.10,000 గౌరవ వేతనంతో పాటు సొంత రాష్ట్రం నుంచి ఢిల్లీకి రాకపోకల ఖర్చును 2022 నాటి విధానంలో చేర్చారు. అన్ని రాష్ట్రాలకూ ప్రాతినిధ్యం ఉండేలా ఎంపిక జరుగుతుంది. మహానగరాల పేరున్న కళాశాలలతో నేరుగా పోటీ పడలేమని వెనుకాడేవారు ఈ అంశాన్ని గమనించాలి.

పురపాలన మీద ఆసక్తి ఉన్నవారికి ట్యులిప్ పేరుతో ఒక పథకం ఉంది. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ, అఖిల భారత సాంకేతిక విద్యామండలి కలిసి 2020 జూన్‌లో దీన్ని ప్రారంభించాయి. కొత్తగా డిగ్రీ పూర్తి చేసినవారికి మునిసిపాలిటీల్లో, స్మార్ట్ సిటీ సంస్థల్లో పని అనుభవం కల్పించడం దీని లక్ష్యం. ఏ పట్టణంలో ఖాళీ ఉందన్నది ఆయా సంస్థలు పోర్టల్‌లో ప్రకటించడాన్ని బట్టి ఉంటుంది.

పేరు చూసి పొరపడవద్దు

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఈ పేటలో దీనిపై అపోహలు రావడానికి ఆస్కారం ఎక్కువ. 2024 జులై బడ్జెట్‌లో ప్రకటించిన ఈ పథకం లక్ష్యం అయిదేళ్లలో కోటి మంది యువతకు 500 అగ్రశ్రేణి కంపెనీల్లో పన్నెండు నెలల అనుభవం ఇప్పించడం. అదే ఏడాది అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైంది. అప్పటి మార్గదర్శకాల ప్రకారం వయసు 21 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండాలి. నెలకు రూ.5,000 భృతి, ఒకసారి రూ.6,000 సాయం. పూర్తికాలం చదువుతున్నవారు, పూర్తికాల ఉద్యోగం చేస్తున్నవారు అనర్హులు. ఐఐటీ, ఐఐఎం, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల పట్టభద్రులకు, పోస్టుగ్రాడ్యుయేషన్ చేసినవారికి కూడా అవకాశం లేదు.

అసలు మెలిక మరొకటి. తల్లిదండ్రుల్లో గాని, జీవిత భాగస్వామి గాని శాశ్వత ప్రభుత్వ ఉద్యోగి అయితే దరఖాస్తు చెల్లదు. కుటుంబ వార్షికాదాయం రూ.8 లక్షలు దాటినా చెల్లదు. అంటే నాన్న వర్క్‌షాపులో పర్మనెంట్ ఫిట్టర్ అయితే కొడుకు అనర్హుడు. అదే వర్క్‌షాపులో కాంట్రాక్టరు కింద పనిచేసే వ్యక్తి కొడుకు అర్హుడు, ఎందుకంటే కాంట్రాక్టు ఉద్యోగులను ఆ నిర్వచనం నుంచి మినహాయించారు. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్లకు వర్తించే నియమాలు వేరు. విధాన పత్రంలో ‘కుటుంబం’, ‘ఉద్యోగి’ అన్న రెండు మాటలకు ఇచ్చిన నిర్వచనం ఎవరి భవిష్యత్తును ఎటు తిప్పుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. నిబంధనలు విడతకు విడతకు మారవచ్చు కాబట్టి దరఖాస్తుకు ముందు తాజా ప్రకటనను చదవడం తప్పనిసరి.

పైగా ఇది కంపెనీల్లో పని అనుభవం కోసం ఉద్దేశించినది. పేరులో ప్రధానమంత్రి ఉన్నంత మాత్రాన విధాన రూపకల్పనలో శిక్షణ దొరుకుతుందని భావించరాదు. సర్టిఫికెట్ ఇస్తామంటూ విద్యార్థి దగ్గరే రుసుము అడిగే ‘పాలసీ ఇంటర్న్‌షిప్’ ప్రకటనలు సామాజిక మాధ్యమాల్లో విరివిగా కనిపిస్తున్నాయి. పని చేసేవాడే డబ్బు కట్టాల్సిన ఇంటర్న్‌షిప్‌ను పక్కన పెట్టడం ఉత్తమం.

ఎంపీ దగ్గర ఏడాది, పల్లెలో ఏడాది

డిగ్రీ పూర్తయ్యాక ఉన్న అవకాశాల్లో బాగా పేరున్నది ల్యాంప్ ఫెలోషిప్. 2005లో ఏర్పడిన పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ 2010 నుంచి దీన్ని నిర్వహిస్తోంది. ఎంపికైన యువకుడు లేదా యువతి ఒక పార్లమెంటు సభ్యునికి శాసన సహాయకునిగా వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల వరకు పనిచేస్తారు. బిల్లు మీద నోట్సు తయారు చేయడం, సభలో అడగవలసిన ప్రశ్నలు రాయడం, స్థాయీ సంఘం నివేదికలను చదివి సారం చెప్పడం ప్రధాన విధులు. ఏ సబ్జెక్టులో డిగ్రీ అయినా ఫరవాలేదు. వయసు 25 దాటకూడదు. నెలనెలా భృతి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది, మొత్తం 42 మంది లోక్‌సభకు వెళ్తారు. కాకతాళీయంగా పశ్చిమ బెంగాల్ స్థానాలు కూడా 42. రెండు వైపుల పత్రికలనూ, రెండు వైపుల ప్రజల మాటలనూ నేరుగా అర్థం చేసుకోగల సహాయకుడు ఏ సభ్యునికైనా ఉపయోగపడతాడు.

ఢిల్లీ కాకుండా పల్లెకు వెళ్లాలనుకునేవారికి 2011లో మొదలై, స్టేట్ బ్యాంక్ ఫౌండేషన్ నడుపుతున్న యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ ఉంది. 21 నుంచి 32 ఏళ్ల లోపు పట్టభద్రులు పదమూడు నెలల పాటు గ్రామాల్లో స్వచ్ఛంద సంస్థలతో కలిసి పనిచేస్తారు. భృతి, ప్రయాణ ఖర్చులు ఇస్తారు. కాగితం మీద చక్కగా కనిపించిన పథకం రేషన్ దుకాణం మెట్ల దగ్గర ఎలా తడబడుతుందో అక్కడ తెలిసినట్టు తరగతి గదిలో తెలియదు.

నాలుగు భాషల బిడ్డ

ఈ పట్టణపు తెలుగు విద్యార్థికి ఉన్న నిజమైన పెట్టుబడి భాష. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, బజారులో హిందీ, కార్యాలయంలో బెంగాలీ, కొందరికి ఒడియా కూడా నోటికి వచ్చి ఉంటాయి. బడిలో ఇది భారంగా కనిపించినా, క్షేత్ర పరిశోధనలో దీనికి విలువ ఉంది. విధాన పరిశోధనలో పెద్ద భాగం ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడగడమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 500 ప్రభుత్వ పాఠశాలల్లో చేసిన అధ్యయనం, ఉపాధ్యాయుల ప్రోత్సాహకాలపై ప్రపంచవ్యాప్తంగా ప్రస్తావనకు వచ్చింది. ఉపాధి హామీ, పింఛన్ల చెల్లింపులకు స్మార్ట్‌కార్డులను వాడటంపై ఎనిమిది జిల్లాల్లో సుమారు 1.9 కోట్ల జనాభా పరిధిలో మరో అధ్యయనం జరిగింది. అటువంటి పనుల వెనుక ప్రశ్నను తెలుగులో సరిగా అడిగి, జవాబును సరిగా రాసుకున్న క్షేత్ర పరిశోధకులు ఉంటారు.

అనువాదం ఎంత సున్నితమైనదో ఒక్క మాటతో చెప్పవచ్చు. జాతీయ నమూనా సర్వేల్లో కుటుంబ యూనిట్ అంటే సాధారణంగా కలిసి నివసిస్తూ ఒకే వంట తినేవారు. దాన్ని తెలుగులో ‘కుటుంబం’ అని రాసి ఊరుకుంటే, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలను కూడా కలిపి చెప్పేవారు ఉంటారు. ఉద్యోగ ప్రయత్నంలో వచ్చి క్వార్టరులో రెండేళ్లుగా ఉంటున్న మేనల్లుణ్ణి వదిలేసేవారూ ఉంటారు. ‘ఈ ఇంట్లో ఒకే పొయ్యి మీద వంట తినేవారు ఎందరు’ అని అడిగితే లెక్క మారిపోతుంది. ప్రశ్నావళులను తెలుగు చేసే పనిలో ఉన్నవారికి ఇది నిత్యానుభవం. ఆ తేడా పట్టుకోగల చెవి పుస్తకాలతో రాదు, ఇటువంటి పేటల్లో పెరిగితే వస్తుంది.

భాష ఇక్కడ విధాన సమస్య కూడా. తెలుగును అధికార భాషల జాబితాలో చేర్చాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. ఆ నిర్ణయానికి ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరికే నేపథ్యం. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. ఈ వర్గాల రక్షణలను పరిశీలించేందుకు ప్రత్యేక అధికారిని 350బి అధికరణం ఏర్పాటు చేసింది; రెండూ 1956 నాటి ఏడో సవరణతో వచ్చినవే. గుర్తింపు ప్రకటన వెలువడటం ఒక ఎత్తు. పాఠ్యపుస్తకం, ఉపాధ్యాయుడు, దరఖాస్తు ఫారం తెలుగులో దొరకడం మరొక ఎత్తు. ఆ రెంటి మధ్య దూరం ఎంతో కొలిచి నివేదిక రాయడం ఒక వేసవి ఇంటర్న్‌షిప్‌కు సరిపడే పని.

ఏం చదవాలి, ఎక్కడ చదవాలి

విధాన రంగానికి ఫలానా డిగ్రీయే కావాలన్న నియమం లేదు. ఆర్థికశాస్త్రం, గణాంకశాస్త్రం, రాజనీతిశాస్త్రం, న్యాయశాస్త్రం, ఇంజనీరింగు, ఏదైనా పనికి వస్తుంది. ఒక మాట మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి: గణాంకాలంటే భయం పోగొట్టుకోకుండా ఈ రంగంలో ఎక్కువ దూరం వెళ్లలేరు. స్ప్రెడ్‌షీట్‌లో పట్టికను శుభ్రంగా తయారు చేయడం, సగటుకు మధ్యగతానికి తేడా తెలియడం, ఇంగ్లీషులో ఒక పేజీ తప్పుల్లేకుండా రాయడం కనీస అర్హతల కింద లెక్క.

ఖరగ్‌పూర్ కళాశాల 1949 నుంచి ఉంది. మిడ్నపూర్‌లోని విద్యాసాగర్ విశ్వవిద్యాలయం రైలులో దగ్గరే. పట్టణంలోనే 1951లో ఆరంభమైన తొలి ఐఐటీ ఉంది. దాని ప్రాంగణానికి, రైల్వే కాలనీలకు మధ్య కిలోమీటర్లలో ఉన్న దూరం కన్నా మనసుల్లో ఉన్న దూరం ఎక్కువ. మానవీయ, సామాజిక శాస్త్రాల విభాగంలో జరిగే బహిరంగ ఉపన్యాసాలకు వెళ్లడానికి ప్రవేశ పరీక్ష అవసరం లేదు. కోల్‌కతాలో భారతీయ గణాంక సంస్థ, 1973లో ఏర్పడిన సామాజిక శాస్త్రాల అధ్యయన కేంద్రం రైలు ప్రయాణ దూరంలో ఉన్నాయి.

పోస్టుగ్రాడ్యుయేషన్ స్థాయిలో బెంగళూరు జాతీయ న్యాయ విద్యాలయం 2014 నుంచి పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ నడుపుతోంది. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో అభివృద్ధి అధ్యయనాల కోర్సులున్నాయి; ఆదాయాన్ని బట్టి ఉపకార వేతనాలు ఇస్తుంది. హైదరాబాద్‌లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రాంగణం, గీతం పరిధిలోని కౌటిల్య స్కూల్ ఈ కోర్సులను అందిస్తున్నాయి. అదే నగరంలో 1980లో ఏర్పడిన ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం, రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ పరిశోధనకు నిలయాలు. ప్రైవేటు సంస్థల ఫీజులు లక్షల్లో ఉంటాయి. అప్పు చేసి చేరేముందు గత బ్యాచ్‌లో ఎందరికి ఎలాంటి ఉద్యోగాలు వచ్చాయో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువుతున్న బంధువుల పిల్లలకు ఒక వెసులుబాటు ముందే ఉంది. ఆ రాష్ట్రం 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. సామాజిక సేవా ప్రాజెక్టు అందులో భాగం. పశ్చిమ బెంగాల్ 2023లో నాలుగేళ్ల డిగ్రీకి మారింది. కొత్త పాఠ్య ప్రణాళిక చట్రంలో ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు ఉన్నాయి. అందుచేత ఇది అదనపు హంగు అన్న భావన పోయి, చదువులో భాగమవుతోంది.

ఉద్యోగం మాటేమిటి

రైల్వే ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న ఇదే, అడగవలసినదే. సూటిగా చెప్పాలంటే ఈ రంగంలో ఎక్కువ ఉద్యోగాలు ఒప్పంద పద్ధతిలో ఉంటాయి. నీతి ఆయోగ్, మంత్రిత్వ శాఖలు తీసుకునే యంగ్ ప్రొఫెషనల్స్, కన్సల్టెంట్లు నిర్ణీత కాలానికే నియమితులవుతారు. పరిశోధనా సంస్థల్లో ఉద్యోగం ప్రాజెక్టుకు వచ్చే నిధుల మీద ఆధారపడుతుంది. నిధులు ఆగితే పదవి ఆగుతుంది. పింఛను, క్వార్టరు, పాస్ ఉన్న జీవితాన్ని చూసిన తల్లిదండ్రులకు ఇది అనిశ్చితంగా తోచడం సహజం. వారి భయాన్ని అజ్ఞానంగా కొట్టిపారేయడం సరికాదు.

స్థిరత్వం కావాలనుకునేవారికి ఇదే చదువుతో వెళ్లగల పరీక్షలున్నాయి. భారత ఆర్థిక సేవకు ఆర్థికశాస్త్రంలో పోస్టుగ్రాడ్యుయేషన్ అవసరం. గణాంక సేవకు డిగ్రీలో గణాంకశాస్త్రం చదివి ఉంటే చాలు. రెండింటినీ యూపీఎస్సీ నిర్వహిస్తుంది. సివిల్స్ మెయిన్స్‌లో పాలన, సామాజిక న్యాయం ఒక పేపరులో ప్రధానాంశాలు. తెలుగు రాష్ట్రాల అనుభవంలో మరొక దారి కూడా కనిపిస్తుంది. ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లో ప్రారంభించి, 2009లో అందుకోసం ప్రత్యేక సొసైటీని ఏర్పాటు చేసింది. మస్తరు రోలు చేతబట్టి కూలీల ఇళ్లకు వెళ్లి, రాసిన రోజులు నిజంగా పని చేసిన రోజులేనా అని సరిచూసి, గ్రామసభలో చదివి వినిపించిన యువతీ యువకుల్లో కూలీల పిల్లలు ఎందరో ఉన్నారు. విధాన రంగం ఖరీదైన డిగ్రీల సొత్తు కాదని అక్కడ రుజువైంది.

దరఖాస్తు కన్నా ముందు

ఇంటర్న్‌షిప్ దరఖాస్తులో అన్నింటికన్నా బలహీనంగా ఉండేది ఉద్దేశ ప్రకటన. దేశసేవ చేయాలని ఉంది అన్న వాక్యం ఎవరినీ ఒప్పించదు. దాని బదులు చేసిన పని ఒకటి చూపించాలి. ఆ పనికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

సమాచార హక్కు చట్టం కింద కేంద్ర కార్యాలయాలకు, రైల్వేతో సహా, రూ.10 రుసుముతో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అయితే ‘మా వీధి కాలువ ఎందుకు తీయడం లేదు’ అని అడిగితే ఫలితం ఉండదు. కారణాలను సృష్టించి చెప్పవలసిన బాధ్యత అధికారికి లేదు. ‘ఫలానా కాలనీలో గత మూడేళ్లలో పారిశుద్ధ్య కాంట్రాక్టుల ఒప్పంద పత్రాల నకళ్లు, చెల్లింపుల వివరాలు ఇవ్వండి’ అని అడగాలి. ఖరగ్‌పూర్ డివిజన్ రైల్వే మేనేజరు కార్యాలయం ఇచ్చే పత్రాన్ని, మునిసిపాలిటీ పత్రాన్ని పక్కపక్కన పెట్టి చదివితే ఏ పని ఎవరి ఖాతాలోనూ లేదో బయటపడుతుంది. దానిని రెండు పేజీల్లో, ఒక పట్టికతో రాసుకుంటే అదే మొదటి విధాన నోటు.

ముసాయిదా చట్టాలపై అభిప్రాయాలు పంపడం మరొక సాధన. కేంద్ర మంత్రిత్వ శాఖలు ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని 2014లో కేంద్రం నిర్ణయించింది. ఆచరణలో అన్నిసార్లూ జరగకపోయినా, జరిగినప్పుడు జవాబు రాయవచ్చు. రైల్వే స్థాయీ సంఘం నివేదికలు, కాగ్ నివేదికలు, పార్లమెంటు ప్రశ్నోత్తరాలు అన్నీ ఉచితంగా దొరుకుతాయి. ట్రాక్‌మెన్ ఖాళీలు, క్వార్టర్ల మరమ్మతు, ఆసుపత్రి సిబ్బంది వంటి విషయాలపై సభలో అడిగిన ప్రశ్నలను వెతికితే, ఇంట్లో రోజూ వినే మాటలే అధికారిక భాషలో కనిపిస్తాయి.

ఆ నోటు, దానికి ఆధారమైన పత్రాలు, ఒక పేజీ స్వపరిచయం, ఆచార్యుని సిఫారసు లేఖ సిద్ధంగా ఉంటే దరఖాస్తుకు అరగంట చాలు. నీతి ఆయోగ్ పోర్టల్ వచ్చే నెల 1వ తేదీన తెరుచుకుంటుంది, 10న మూసుకుంటుంది. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు రావడానికి నెల పడుతుంది కాబట్టి, ఆ పని ముందు మొదలుపెట్టాలి.